పచ్చకామెర్లకు నేల ఉసిరి పసరు నిజంగా పనిచేస్తుందా?

నేల ఉసిరి కామెర్లను నయం చేస్తుందనడానికి గట్టి రుజువు లేదు, చాలాసార్లు అవి వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకి వస్తుంది. కలుషిత నీటితో వచ్చే కాలేయ వైరస్ జబ్బులు హెపటైటిస్ ఎ, ఇ ఎక్కువమందిలో కొన్ని వారాల్లో తగ్గిపోయే రకాలు (గర్భిణులకు మాత్రం ఇ చాలా ప్రమాదం), కాబట్టి ఆకుల కింద పూసల్లా బుల్లి కాయలు వేలాడే ఆ మొక్కని నూరి మజ్జిగలో కలిపి తాగినా, తాగకపోయినా కళ్లలో పసుపు మెల్లగా పోతుంది.

అసలు పొరపాటు కామెర్లే ఒక జబ్బు అనుకోవడం. అది లక్షణం, రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరిగితే కనిపిస్తుంది. ఉదాహరణకి పిత్తనాళంలో (కాలేయం నుంచి పైత్యరసం పేగులోకి వెళ్లే గొట్టంలో) రాయి అడ్డుపడినా కళ్లు పచ్చబడతాయి, మలం సున్నంలా తెల్లబడుతుంది, ఒళ్లంతా దురద. ఆ రాయిని ఏ పసరూ కదల్చలేదు, సాధారణంగా ఎండోస్కోపీతో తీస్తారు. అందుకే ముందు రక్తపరీక్ష, స్కాన్. పసరు సంగతి తర్వాత.