ఆ కోడిపిల్లలకు జబ్బు కాదు, చలి

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో సైకిల్ మీద తిరిగి అమ్మే అతని దగ్గర మా పిల్లలు ఆరు రంగు కోడిపిల్లలు కొన్నారు. అట్టపెట్టెలో కాగితం పరిచి, నూకలు, గిన్నెలో నీళ్లు పెట్టాం. రెండు రోజుల్లో రెండు చనిపోయాయి. మిగతావి ఒక మూల గుంపుగా చేరి ఒకటే అరుపు. ఇదేం జబ్బు? ఏ మందు వెయ్యాలి? ఇవి పెరిగి గుడ్లు పెడతాయా? పిల్లలు ఏడుస్తుంటే చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే ఫోన్ చేసి బల్బు పెట్టమన్నాను. మిగతా వాళ్లకూ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మూల చేరి అరుస్తున్నాయంటే ముందు అనుమానించాల్సింది చలినే. ఈకలు వచ్చేదాకా కోడిపిల్ల తన ఒంటి వేడిని తాను కాపాడుకోలేదు. తల్లికోడి ఉంటే రెక్కల కింద పొదువుకుంటుంది. మీ పెట్టెలో ఆ తల్లి లేదు, ఆ పని మీరే చెయ్యాలి. పెట్టెకు ఒక పక్కన, అడుగున్నర ఎత్తులో 60 వాట్ల పాత రకం బల్బు వేలాడదీయండి. ఎల్‌ఈడీ బల్బుతో లాభం లేదు, అది వెలుగే తప్ప కావలసిన వేడి ఇవ్వదు. బల్బు అట్టకు తగలకుండా, జారిపడకుండా గట్టిగా కట్టండి. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల దాకా ఉండాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద కుప్పపడితే చలి. దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడెక్కువ. పెట్టె అంతా చెదిరి తింటూ తిరుగుతుంటే సరిపోయినట్టు.

నేను మొదటిసారి పెంచిన పన్నెండింటిలో నాలుగు ఒక్క రాత్రిలో పోయాయి. కరెంటు పోయింది, నేను నిద్రలో ఉన్నాను. వెచ్చదనం కోసం ఒకదాని మీద ఒకటి ఎక్కి, కిందవి ఊపిరాడక చనిపోయాయి. పొద్దున వాటిని తీసి పక్కన పెట్టడం ఇప్పటికీ మర్చిపోలేను. అప్పటినుంచి చలికాలంలో రాత్రికి ఒక సీసాలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి సిద్ధంగా ఉంచుకుంటాను.

కాగితం తీసెయ్యండి. నున్నటి కాగితం మీద కాళ్లు జారి పక్కలకు చీలిపోతాయి, అలాంటి పిల్ల సరిగ్గా నడవలేదు. రెండంగుళాల మందాన ఊక పోసి, మొదటి రెండు మూడు రోజులు పైన గోనెపట్టా పరవండి, లేకపోతే ఊకనే తింటాయి. నీళ్లకు లోతులేని మూత చాలు, అందులో గులకరాళ్లు వేస్తే మునిగిపోవు.

నూకలు ఒక్కటే పెడితే ఎదగవు. వాటికి మాంసకృత్తులు నూటికి 20 పాళ్ల దాకా కావాలి. దాణా కొట్లో చిక్ స్టార్టర్ అడగండి. అది దొరికేదాకా ఉడికించిన గుడ్డు పొడిపొడిగా చిదిమి కొంచెం కలపండి. మా అత్తగారైతే పాత కుండలో తడి గడ్డి, పేడ కూరి, సాయంత్రం చెదలు ఉన్న చోట బోర్లించేవారు. తెల్లారేసరికి కుండ నిండా చెదపురుగులు! పిల్లలు ఎగబడి తినేవి.

ఐదారు రోజుల వయసులో కొక్కెర తెగులు (రానికెట్ అనే అంటురోగం) రాకుండా లసోటా టీకా, కంట్లో ఒక చుక్క వెయ్యాలి. సీసాలో చాలా డోసులుంటాయి కాబట్టి పక్కింటివాళ్లతో కలిసి పశువైద్యశాలలో అడగండి. మూడో వారం తర్వాత రెట్టలో రక్తం కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కు చూపించండి, తడిసిన ఊక మార్చెయ్యండి.

ఇక గుడ్ల సంగతి. మీ పిల్లలకు ముందే చెప్పేయండమ్మా, ఇవి దాదాపు అన్నీ పుంజులే. గుడ్ల కోళ్ల హేచరీల్లో మగపిల్లలు అక్కరకు రావు, వాటికే రంగు వేసి చవగ్గా అమ్ముతారు. కొత్త ఈకలు వచ్చేకొద్దీ ఆ రంగు పోతుంది. రంగు ముంచి, ఎండలో, చలిలో తిప్పి అమ్మడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, మళ్లీ కొనకండి. గుడ్లు కావాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ పిల్లల కోసం చూడండి. గుడ్లూ మాంసమూ రెండూ అనుకుంటే వనరాజా.

పట్టుకున్న ప్రతిసారీ పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగించండి, ముద్దులు పెట్టుకోనివ్వకండి. నాలుగైదు వారాలకు ఈకలు నిండుగా వస్తాయి, అప్పుడు పగటిపూట పెరట్లో గంప కింద వదలవచ్చు. కాకులూ గద్దలే కాదు, పిల్లి కూడా కాచుకుని ఉంటుంది. గంప మీద బరువైన రాయి పెట్టండి.