పాఠకుల ప్రశ్నలు: బ్రెండన్ ఓ లియరీ పుస్తకాలు

ప్రశ్న: ఉత్తర ఐర్లండ్ గొడవల గురించి ఏది చదివినా బ్రెండన్ ఓ లియరీ పేరు కనిపిస్తోంది. ఆయన ఎవరు? ఆయన రచనలలో దేనితో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఓ లియరీ 1958లో ఐర్లండ్‌లోని కార్క్‌లో పుట్టారు. నైజీరియా, సూడాన్, ఉత్తర ఐర్లండ్‌లలో పెరిగి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పరిశోధన చేసి, అక్కడే చాలాకాలం బోధించిన తరువాత అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్ర ఆచార్యులయ్యారు.

డెల్టా పాఠకులు ముందుగా గమనించవలసింది ఆయన 1989 నాటి పుస్తకం 'ది ఏషియాటిక్ మోడ్ ఆఫ్ ప్రొడక్షన్'. అందులో ఐర్లండ్ ప్రసక్తి ప్రధానం కాదు. నీటి వనరులపై పెత్తనమే ఆసియాలో నిరంకుశ రాజ్యాలకు పునాది అన్న వాదాన్ని భారతదేశ చరిత్రతో సరిచూసి నిశితంగా విమర్శించారు. ఆ వాదానికి ఆధారమైన రచనలలో ఒకటైన 1853 నాటి వ్యాసంలో మార్క్స్, ఆంగ్లేయులు ప్రజాపనులను పూర్తిగా వదిలేశారని రాశారు. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినది అంతకు ముందు ఏడాదే!

ఆయనకు పేరు తెచ్చినవి జాన్ మెక్‌గ్యారీతో కలిసి రాసిన 'ది పాలిటిక్స్ ఆఫ్ యాంటాగనిజం' (1993), 'ఎక్స్‌ప్లెయినింగ్ నార్తర్న్ ఐర్లండ్' (1995). అక్కడి పోరు మతం కోసం కాదని, బ్రిటన్‌కు చెందాలా, ఐర్లండ్‌కు చెందాలా అన్న విషయంలో రెండు జాతీయతల మధ్య నడిచినదని వారి వాదన. అలాంటి చోట మెజారిటీ పాలన ఒక్కటే చాలదు కనుక అధికారాన్ని పంచుకోవాలంటారు.

ఆ గొడవలను ముగించడానికి కుదిరిన 1998 శాంతి ఒప్పందం తరువాత ఆ పంపకం జరిగిన తీరు చూడదగినది. ఆ ఏడాది అక్కడి శాసనసభ ఎన్నికలలో బ్రిటన్‌తోనే ఉండాలనే పార్టీ అల్‌స్టర్ యూనియనిస్టులకు 28, ఐర్లండ్‌తో కలవాలనే పార్టీ ఎస్‌డీఎల్‌పీకి 24, బ్రిటన్ పక్షానిదే అయిన డీయూపీకి 20, ఐర్లండ్ పక్షానిదైన షిన్ ఫేన్‌కు 18 స్థానాలు వచ్చాయి. ఆ సంఖ్యలను 1, 2, 3లతో వరుసగా భాగిస్తూ, ఎవరి భాగఫలం పెద్దదైతే వారికి ముందుగా మంత్రిత్వ శాఖను ఎంచుకునే అవకాశం ఇస్తారు. ఆ లెక్కన 1999లో పది శాఖలు 3, 3, 2, 2గా పంపిణీ అయ్యాయి. నాలుగోసారి అవకాశం వచ్చిన షిన్ ఫేన్ విద్యాశాఖను తీసుకుంది. తెరచాటు బేరసారాలకు ఇందులో పెద్దగా చోటు లేదు. మన సంకీర్ణాలను చూసినవారికి ఇది కొంత ముచ్చట గొలుపుతుంది.

ఒప్పందానికి ముందు బ్రిటిష్ లేబర్ పార్టీకి, తరువాత ఇరాక్‌లోని కుర్దులకు ఆయన సలహాదారుగా పనిచేశారు. 2019లో వెలువడిన మూడు సంపుటాల 'ఎ ట్రీటైజ్ ఆన్ నార్తర్న్ ఐర్లండ్' ఆయన ప్రధాన గ్రంథం. ఐర్లండ్ ఏకీకరణను చర్చించే 2022 నాటి పుస్తకం దానికన్నా తేలిక.

మీరు 1995 నాటి పుస్తకంతో మొదలుపెట్టండి. ఆపైన ట్రీటైజ్‌లో వలసపాలన చరిత్ర చెప్పే మొదటి సంపుటం ముందు చదివితేనే, అధికార పంపకాన్ని వివరించే మూడో సంపుటం సులువుగా అందుతుంది.