ఆసనాలు వేస్తే మనసు ఎలా కుదుటపడుతుంది?

ఆసనాలు ఒళ్లు వంచడానికే కదా, మనసుకి వాటితో పనేంటి అని ఒకరు అడిగారు. యోగసూత్రాలు రాసిన పతంజలి చెప్పిన 8 యోగ అంగాల్లో ఆసనం మూడోది, దానికి ఆయన పెట్టిన షరతు స్థిరంగా, సుఖంగా ఉండడమే. వృక్షాసనం వేసి చూడండి, ఒంటికాలి మీద నిలబడి చూపు గోడ మీది చుక్కపై నిలిపినప్పుడు ఆలోచన ఆఫీసు మీదకి పోయిందంటే చాలాసార్లు కాలు వణుకుతుంది, అంటే మనసు జారిందని ఒళ్లే చెప్పేస్తుంది. ఆ జారిన మనసుని మళ్లీ శ్వాస మీదికి తెచ్చుకోవడమే అసలు సాధన (తూలినా పర్లేదు, పక్కన గోడ ఉంచుకోండి). ఊపిరి నెమ్మదిగా వదులుతుంటే గుండె వేగం తగ్గి టెన్షన్ దిగుతుంది. చివర్లో శవాసనం (వెల్లకిలా పడుకుని ఒళ్లంతా వదులుగా వదిలేయడం) మాత్రం ఎగ్గొట్టకండి. రోజూ పావుగంట చేయడం మొదలుపెట్టాకే, కోపం వచ్చే ముందు నా ఊపిరి బిగుసుకుంటోందని నాకు తెలిసొచ్చింది.