సింధూ, ఫీల్డుకి వెళ్ళే ముందు ఇది చదువు

ఏమే సింధూ,

మీ నాన్న రాత్రి ఫోన్ చేశాడు. ఉద్యోగం మానేసి రీసెర్చ్‌లో చేరావంట, హైదరాబాదూ, ఇండోనేషియాలో జకార్తా, రెండూ పక్కపక్కన పెట్టి ఎవరు ఎలా బతుకుతున్నారో చూస్తావంట, బస్తీలు పట్టుకుని తిరుగుతావంట. ఆయనకి కోపం, నాకేమో ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఇంకో పిచ్చిది తయారైందని మీ మావయ్య ఒకటే నవ్వు. నవ్వనీ. సర్వే పనిలో చెప్పులరిగేలా తిరిగినదాన్ని, నువ్వు అడగకపోయినా చెప్తా.

యూనివర్సిటీ లెటర్, ఐడీ కార్డు కాపీలు పెట్టుకో. నీళ్ళ సీసా, పవర్ బ్యాంక్, కాటన్ బట్టలు. ఫొటో తీసే ముందు అడుగు. ఏ రోజు నోట్సు ఆ రోజే రాసుకో, తెల్లారితే సగం గుర్తుండదు. ఇవి నీకు తెలిసినవే.

నంబర్లు చూసి మాత్రం మురిసిపోకు. 2018లో ఐక్యరాజ్యసమితి లెక్కలో ప్రపంచంలో అతి పెద్ద సిటీ టోక్యో, 2025 లెక్కలో జకార్తా, దాదాపు 4.2 కోట్ల జనం అన్నారు. అదే జకార్తాకి 2020 సెన్సస్‌లో వాళ్ళ సొంత ప్రభుత్వం చెప్పింది కోటీ అయిదు లక్షల చిల్లర! అయిదేళ్ళలో మూడు కోట్ల మంది ఊడిపడలేదు కదా, చుట్టుపక్కల ఊళ్ళు బెకాసీ, టాంగెరాంగ్, డెపోక్, బోగోర్ అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి, వాటన్నిటినీ కలిపి ఒకే సిటీ అన్నారు. మనకి మాత్రం జరగలేదా, 2007లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేస్తే మా కూకట్‌పల్లి వాళ్ళం పడుకుని లేచేసరికి సిటీ వాళ్ళమైపోయాం, ఇంటి ముందు గుంత మాత్రం అలాగే ఉంది. 2011 తర్వాత మన దగ్గర జనాభా లెక్కలే పూర్తవ్వలేదు, 2027 దాకా ఆగాలి. కాబట్టి ఎవరైనా "హైదరాబాద్ జనాభా ఇంత" అంటే, ఏ హైదరాబాదు, ఏ సంవత్సరం అని అడుగు. మీ గైడ్ అన్నా సరే అడుగు.

ఇప్పుడు అసలు సంగతి.

తొంభైల చివర్లో మూసీ పక్కన ఒక బస్తీలో సర్వే చేశాం. ఏ ఆఫీసు కోసమో చెప్పను. మా టీమ్ లీడర్ బాగా చదువుకున్నవాడు, లెక్కల్లో దిట్ట, కానీ టైమింగ్ పొద్దున పదింటి నుంచి సాయంత్రం అయిదు దాకా పెట్టాడు, స్టాఫ్‌కి జీపు అప్పుడే ఉండేది మరి. ఆ టైములో బస్తీలో ఎవరుంటారే? కూలి అడ్డా మీదకి పోయినోళ్ళు పొద్దున్నే పోయారు, ఇళ్ళల్లో పనికి పోయే ఆడవాళ్ళు అంతకన్నా ముందే పోయారు. తాళం వేసి ఉంటే ఫారంలో "తాళం" అని రాసి పక్కింటిని తీసుకోమన్నాడు. పక్కింట్లో ఎవరు దొరుకుతారు? దగ్గుతున్న ముసలాయనో, చంటిపిల్లతో ఉన్న కోడలో. అలా పనికి పోయినవాళ్ళందరూ లెక్కలోంచి జారిపోయారు, ఇంట్లో ఉన్నవాళ్ళతో ఫారాలు నిండిపోయాయి.

ఇంకోటి విను. "నువ్వేమైనా పని చేస్తావామ్మా?" అని అడగాలి. ఆవిడ గడప మీద కూర్చుని లక్క గాజులకి రాళ్ళు అతికిస్తూ, తల ఎత్తకుండా, "లేదమ్మా, ఇంట్లోనే ఉంటా" అంటుంది. చేతులకి జిగురు, పక్కన డజన్ల కొద్దీ గాజులు! అయినా ఫారంలో "పని లేదు" అనే పడాలి, ఎందుకంటే ఆవిడ చెప్పిందే రాయాలని రూల్. ఆ గాజులే లాడ్ బజార్లో మెరుస్తుంటాయి, టూరిస్టులు బేరాలాడి కొనుక్కుంటారు, ఆవిడ మాత్రం లెక్క ప్రకారం ఖాళీగా కూర్చున్న మనిషి.

మూడోది తలుపు. ఒక తలుపు అంటే ఒక కుటుంబం అని రాయమన్నారు. ఆ తలుపు లోపలికి పోతే మూడు పొయ్యిలు, అన్న, తమ్ముడు, ఊర్నించి వచ్చిన బావమరిది, మూడు సంసారాలు. నాకు డౌటొచ్చి కిరసనాయిలు డీలర్ దగ్గరికి వెళ్ళి ఆయన రిజిస్టర్ చూశా. మా ఫారాల్లో ఉన్న కుటుంబాలకి దాదాపు రెట్టింపు పేర్లున్నాయి. పరిగెత్తుకుంటూ వచ్చి చెప్తే, రేషన్ కార్డుల్లో సగం బోగస్‌వి ఉంటాయిలే మేడమ్, అన్నాడు లీడర్. గొడవ పడ్డా. గట్టిగానే పడ్డా. రిపోర్టు అలాగే పోయింది.

పోతే పోయింది, షెల్ఫులో పడి ఉంటుందనుకున్నా. కొన్నేళ్ళకి ఆ బస్తీ ఖాళీ చేయించి సిటీ బయట ఇళ్ళిచ్చినప్పుడు ఆ లిస్టే తీశారు. తలుపుకి ఒక ఇల్లు. మిగతా రెండు పొయ్యిల వాళ్ళు ఏమయ్యారో ఎవరికీ పట్టలేదు. ఇల్లు దొరికిన ఆడవాళ్ళకైనా సుఖం ఉందా అంటే, గాజులు తెచ్చిచ్చే మనిషి అంత దూరం రాడు, వీళ్ళు పోదామంటే రోజు కూలి ఆటోకే సరిపోతుంది. "పని లేనివాళ్ళు" కదా, ఎక్కడ పెడితే ఏంటి అనుకున్నారు. దీని గురించి ఇప్పటికీ మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది, మీ మావయ్య వినబడితే టీవీ సౌండ్ పెంచుతాడు.

అందుకే పొద్దున అయిదున్నరకి వెళ్ళు, రాత్రి ఎనిమిదికి వెళ్ళు (ఒక్కదానివి కాదు), తాళం వేసిన ఇంటికి మళ్ళీ వెళ్ళు. పని చేస్తావా అని అడక్కు, నిన్న పొద్దున లేచిన దగ్గర్నించి ఏం చేశావని అడుగు. నెలకి ఎంత సంపాదిస్తావంటే ఎవరూ చెప్పరు, వాళ్ళకీ తెలీదు. నిన్న పని దొరికిందా, చేతికి ఎంతొచ్చింది, మేస్త్రీ ఎంత పట్టుకున్నాడు, నీళ్ళు ఎక్కడివి, డ్రమ్ముకి ఎంత, కిరాయి ఎంత, చిట్టీ ఎంత? జకార్తాలో ఈ నీళ్ళ ప్రశ్న అసలు వదలకు. భూమిలో నీళ్ళు తోడి తోడి ఆ ఊరు ఉత్తరం వైపు కుంగిపోతోంది, రాజధానినే బోర్నియో దీవికి మారుస్తామని 2019లో ప్రకటించారు, ఆ కొత్త ఊరికి తర్వాత నుసంతారా అని పేరు పెట్టారు. అక్కడ కొన్ని ఇళ్ళని కలిపి ఆర్‌టీ అంటారు, దానికి ఒక పెద్దమనిషి ఉంటాడు, ముందు ఆయన్ని కలువు, ఆయన సరే అంటేనే తలుపులు తెరుస్తారు.

పండగ టైములో సర్వే పెట్టుకోకు. సంక్రాంతికి మన సిటీ సగం విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్ గేటు దగ్గర ఆగి ఉంటుంది, రంజాన్‌కి జకార్తా కూడా అలాగే ఊళ్ళకి పోతుంది. నువ్వూ వాళ్ళతో పాటు బస్సెక్కి ఊరెళ్ళు, సిటీలో సంపాదించిన డబ్బు ఎక్కడ స్లాబు అయిందో, ఎక్కడ వడ్డీ అయిందో అక్కడే తెలుస్తుంది.

బీదవాళ్ళనే చూసొచ్చి సిటీ చూశాననుకోకు మళ్ళీ. 2023లో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ భూమి ఒకప్పుడు ఎవరిది, ఇప్పుడు అక్కడ టవర్లు కడుతూ రేకుల షెడ్లలో పడుకుంటున్న ఒడిశా, బీహార్ పిల్లల కూలి ఎంత? ఒకప్పుడు దేశమంతా మన పాలమూరు లేబర్ ఇలాగే తిరిగారు. ఈ రెండూ ఒకే పేజీలో రాయి.

ఇంకొక్కటి, నవ్వకు. వానొస్తే పని ఆపేసెయ్. 2020 జనవరి ఒకటిన జకార్తా మునిగి 60 మందికి పైగా పోయారు, అదే ఏడు అక్టోబర్‌లో మన నాలాలు (వాన నీళ్ళ కాలవలు) ఏం చేశాయో నువ్వూ చూశావు. ఏ బస్తీకి వెళ్ళినా ముందు నాలా ఎటుందో కనుక్కో. రోడ్డు మీద నీళ్ళుంటే దిగకు, మ్యాన్‌హోల్ మూత తీసేసి ఉంటుంది, పైకి కనపడదు. ఇంటర్వ్యూ పోతే పోయింది, ఇంకోటి దొరుకుతుంది, నువ్వు దొరకవు. గ్రిప్ ఉన్న బూట్లకి డబ్బులు ఫోన్‌పే చేశా, వాటితో పుస్తకాలు కొన్నావో చూడు!

మీ నాన్న సంగతి నేను చూసుకుంటా. నీ క్వశ్చనీర్ పంపు, ఎర్ర పెన్నుతో కూర్చుంటా. సోమవారం పొద్దున అయిదున్నరకి కూకట్‌పల్లి అడ్డా దగ్గరికి రా, నేనూ వస్తా. మొదటి రోజు నోట్‌బుక్ తీయకు. టీ తాగుతూ నిలబడదాం, ఎవరు ముందు బండెక్కుతున్నారో, ఎవరు తొమ్మిదింటికీ మిగిలిపోతున్నారో చూద్దాం. టిఫిన్ అక్కడే.

అత్తయ్య