సున్నపురాయి బెల్టు వేగం తగ్గిస్తే చ్యూట్ ఎందుకు నిండిపోతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. రాయిని పగలగొట్టే క్రషర్ కింది నుంచి స్టాక్‌పైల్‌కు (రాయి కుప్పకు) సున్నపురాయిని మోసే 800 మిల్లీమీటర్ల వెడల్పు బెల్టుకు మీరు కొత్తగా వీఎఫ్‌డీ, అంటే కరెంటు హెర్ట్జ్‌ను మార్చి మోటారు వేగాన్ని మార్చే పరికరం, పెట్టించారు. గంటకు 300 టన్నులకు మించి రాయి రావడం లేదు కనుక కరెంటు కలిసివస్తుందన్న ఆలోచనతో 50 హెర్ట్జ్ నుంచి 35కు దించారు. దించిన నాటి నుంచి బెల్టు తల దగ్గర రాయి కిందికి జారే గొట్టం లాంటి చ్యూట్ షిఫ్టుకు రెండుసార్లైనా జామవుతున్నది. విసుగెత్తి 55కు పెంచితే దుమ్ము లేస్తున్నది. ఇంతకీ ఎంత వేగం పెట్టాలని అడిగారు. ఎర్రగుంట్ల పక్కన ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు మెకానికల్ మెయింటెనెన్స్‌లో పనిచేసిన మనిషిగా ఈ అవస్థ నేనూ పడ్డాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

చాలామంది బెల్టు వేగాన్ని కుళాయి తిప్పినట్లు భావిస్తారు, అంటే పెంచితే ఎక్కువ రాయి వస్తుందని, తగ్గిస్తే తక్కువ వస్తుందని. ఎన్ని టన్నులు రావాలో నిర్ణయించేది హాప్పర్ (రాయి తొట్టి) కింద ఉండి రాయిని కొలతగా వదిలే ఫీడరే తప్ప బెల్టు కాదు. వచ్చిన రాయి బెల్టు మీద ఎంత మందంగా పరుచుకోవాలన్నది మాత్రమే బెల్టు వేగం చేతిలో ఉంటుంది. మీరు ఇచ్చిన వివరాల ప్రకారం మోటారు నిమిషానికి 1450 చుట్లు, గేర్ బాక్స్ నిష్పత్తి 25, బెల్టును తిప్పే డ్రమ్ము వ్యాసం దాని మీది రబ్బరు పొరతో (లాగింగ్‌తో) కలిపి 650 మిల్లీమీటర్లు. అంటే డ్రమ్ము నిమిషానికి 58 చుట్లు తిరుగుతుంది, బెల్టు సెకనుకు 1.97 మీటర్లు నడుస్తుంది. ఆ వేగంలో 300 టన్నులంటే మీటరు బెల్టు మీద 42 కిలోల రాయి ఉంటుంది. 35 హెర్ట్జ్ దగ్గర వేగం 1.38కి పడిపోతుంది కాబట్టి అదే 300 టన్నులకు మీటరుకు 60 కిలోలు పడతాయి. బెల్టును కింద నుంచి మోసే 35 డిగ్రీల వంపు రోలర్ల (ఐడ్లర్ల) మీద 800 మిల్లీమీటర్ల బెల్టు దాదాపు 0.07 చదరపు మీటర్ల అడ్డుకోతతో రాయిని మోయగలదు. పగలగొట్టిన సున్నపురాయి ఘనపు మీటరుకు 1.4 టన్నులనుకుంటే, 35 హెర్ట్జ్ దగ్గర కూడా మీ బెల్టు సామర్థ్యం గంటకు 485 టన్నుల దాకా ఉంటుంది. కాబట్టి మోయడంలో మీ బెల్టుకు ఏ ఇబ్బందీ లేదు. దారి పొడవునా రాయి పక్కలకు రాలడం లేదని మీరే రాశారు కదా. ఇబ్బంది అంతా తల డ్రమ్ము దగ్గర, రాయి బెల్టును వదిలే ఆ ఒక్క అడుగులో ఉన్నది.

డ్రమ్ము మీదికి వచ్చిన రాయి ఎప్పుడు బెల్టును వదులుతుందన్నది రెండు బలాల మధ్య తేలుతుంది. ఒకటి దాన్ని బయటికి విసిరేది, మరొకటి దాని బరువు. వేగం వర్గాన్ని డ్రమ్ము వ్యాసార్ధం, 9.81ల గుణకారంతో భాగించి చూడండి. ఫలితం ఒకటికి మించితే రాయి డ్రమ్ము నెత్తి మీదనే బెల్టును వదిలి ముందుకు దూకుతుంది. ఒకటికి తగ్గితే డ్రమ్మును అంటిపెట్టుకుని కిందికి వంగి, ఆ తరువాత జారిపడుతుంది. బెల్టు మందం కలుపుకుని వ్యాసార్ధాన్ని 0.33 మీటర్లుగా తీసుకుంటే 50 హెర్ట్జ్ దగ్గర ఈ ఫలితం 1.2 వస్తుంది, 35 దగ్గర 0.59కి దిగుతుంది. అంటే పూర్తి వేగంలో చ్యూట్ ఎదుటి పలకకు తగిలి మధ్యలోకి పడుతున్న రాయి, మీరు వేగం తగ్గించాక డ్రమ్ము మీద యాభై డిగ్రీలకు పైగా కిందికి తిరిగి, బెల్టుకు అంటిన పొడిని గీకే స్క్రేపర్ బ్లేడు మీదా చ్యూట్ వెనక గోడ మీదా పడుతున్నది. వెనక గోడ వాలు రాయి పడటానికి కట్టింది కాదు, స్క్రేపర్ గీకిన పొడి జారడానికి కట్టింది. ఆ వాలు మీద మొదట పొడి నిలుస్తుంది, పొడి మీద చిన్న రాతి ముక్కలు నిలుస్తాయి, చివరికి చ్యూట్ నోరే మూసుకుపోతుంది. మీ లెక్కలో ఈ హద్దు సెకనుకు 1.8 మీటర్ల దగ్గర, అంటే సుమారు 46 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. బెల్టు ఏటవాలుగా ఎక్కుతున్నందున నిజానికి కాస్త తగ్గుతుంది గానీ, పట్టించుకోవలసినంత కాదు.

మన ప్రాంతంలో దీనికి ఇంకో సంగతి తోడవుతుంది. సున్నపురాయి పొరల మీద నల్లరేగడి కప్పి ఉంటుంది, దాన్ని ఎంత జాగ్రత్తగా తొలగించినా కొంత మన్ను రాయితో పాటు క్రషర్‌లోకి వస్తూనే ఉంటుంది. వేసవిలో అది దుమ్ము, అక్టోబరు నవంబరు వానల్లో అదే జిగురు. తడిసిన రేగడి అంటిన చిన్న రాళ్లను గునపంతో పొడిచినా ఊడనంత గట్టిగా చ్యూట్ మూలల్లో పట్టుకోవడం నేను ఎన్ని రాత్రులు చూశానో చెప్పలేను. అందుకని పొడి రోజుల్లో నడిచిన వేగమే వానాకాలంలో కూడా నడుస్తుందని అనుకోవద్దు. వాన పడిన రోజున 50కి తగ్గకుండా నడపడమే మంచిది.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్తాను, ఎందుకంటే మోటారును గేర్ బాక్స్‌తో కలిపే కప్లింగ్ సంగతి మీరు రాయలేదు. మా దగ్గర ఇలాంటి బెల్టుకే వీఎఫ్‌డీ పెట్టినప్పుడు, మోటారుకు, గేర్ బాక్స్‌కు మధ్య ఉన్న ఫ్లూయిడ్ కప్లింగ్‌ను "మంచిదే కదా, ఉంటే ఉండనీ" అని అలాగే వదిలేశాము. నూనె ద్వారా శక్తిని అందించే ఆ కప్లింగ్ మోయగల టార్క్ (తిప్పే బలం) వేగపు వర్గాన్ని బట్టి మారుతుందని మాకు తెలియక కాదు, ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. 36 హెర్ట్జ్‌కు దించేసరికి అది మోయగల టార్క్ సగానికి పడిపోయింది, బెల్టు మాత్రం దాదాపు అదే టార్క్‌ను అడుగుతున్నది. మే నెల మధ్యాహ్నం, ప్యానెల్ మీద అంకెలన్నీ సక్రమంగానే కనిపిస్తున్నాయి. అంతలో హెల్పర్ పరుగున వచ్చి "కప్లింగు నూనంతా కక్కేసినాది సార్" అన్నాడు. వెళ్లి చూస్తే గార్డు లోపలి వైపు చుట్టూ పిచికారీ చేసినట్లు ఒక నల్లటి వలయం, కింద కాంక్రీటు మీద పొగలు కక్కే నూనె మడుగు. లోపల నూనె జారి జారి వేడెక్కి, అలాంటి సమయంలో కరిగిపోవడానికే పెట్టిన ఫ్యూజ్ ప్లగ్ కరిగిపోయింది. ప్లగ్ తన పని తాను చేసింది. ఆ మూడు గంటల షట్‌డౌన్ మాత్రం మా ఖాతాలో పడింది. వీఎఫ్‌డీ పెట్టిన తరువాత నెమ్మదిగా స్టార్ట్ చేసే పనిని అదే చూసుకుంటుంది, కనుక ఫ్లూయిడ్ కప్లింగ్‌ను తీసేసి మామూలు ఫ్లెక్సిబుల్ కప్లింగ్ పెట్టుకోండి. ఈ ఒక్క పని చేయకుండా వేగం తగ్గించవద్దు.

ప్యానెల్ మీది అంకెను నమ్మవద్దని కూడా ఆ రోజే నేర్చుకున్నాను. హెర్ట్జ్ అనేది మోటారు సంగతి, బెల్టు సంగతి కాదు. కప్లింగ్‌లో జారినా, లాగింగ్ అరిగి డ్రమ్ము మీద బెల్టు జారినా ప్యానెల్‌కు తెలియదు. బెల్టు ఆగి, పని చేయడానికి పర్మిట్ తీసుకున్న సమయంలో అంచు మీద సుద్దముక్కతో ఒక అడ్డగీత గీయండి. తరువాత నడిపించి, గార్డు బయట దూరంగా నిలబడి, ఆ గీత ఒక చుట్టు తిరిగి రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. మీ బెల్టు మొత్తం పొడవు 240 మీటర్లని రాశారు. 50 హెర్ట్జ్ దగ్గర 122 సెకన్లు పట్టాలి. ఐదారు సెకన్లు ఎక్కువ పట్టిందంటే ఎక్కడో జారుతున్నట్లే.

కరెంటు ఆదా విషయంలో మీ ఆశ కొంచెం పెద్దదని నా అభిప్రాయం. మీ బెల్టు రాయిని 18 మీటర్ల ఎత్తుకు ఎత్తుతుంది. గంటకు 300 టన్నుల రాయిని అంత ఎత్తుకు ఎత్తడానికే 14.7 కిలోవాట్లు కావాలి, బెల్టు వేగంగా నడిచినా నెమ్మదిగా నడిచినా ఆ లెక్క మారదు. వేగం తగ్గితే తగ్గేది ఖాళీ బెల్టును, ఐడ్లర్లను తిప్పే ఖర్చు మాత్రమే. కిలోమీటర్ల కొద్దీ నేల మీద పరుచుకున్న పొడవాటి బెల్టులకు ఆ ఖర్చే అసలు ఖర్చు కనుక వాటికి వేగం తగ్గించడం నిజంగా లాభం. 120 మీటర్ల ఎక్కుడు బెల్టుకు అంత కలిసిరాదు. దానికన్నా క్రషర్ ఆగిన తరువాత బెల్టు ఎన్ని నిమిషాలు ఖాళీగా తిరుగుతున్నదో ఒక వారం రాసిపెట్టి చూడండి. మా దగ్గర భోజనాల వేళ గంటసేపు ఒట్టి బెల్టు తిరిగేది, ఎవరూ పట్టించుకునేవారు కాదు.

మోటారు గురించి కూడా ఒక మాట. మామూలు మోటారు వెనక ఫ్యాన్ దాని షాఫ్టుకే ఉంటుంది, మోటారు నెమ్మదిస్తే గాలి కూడా నెమ్మదిస్తుంది. మామూలు మోటార్లకు రేటింగ్ ఇచ్చేది 40 డిగ్రీల వాతావరణానికి. కడప ఎండల్లో షెడ్డు రేకుల కింద ఎంత ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కనుక వేసవిలో లోడు మీద తక్కువ వేగంలో గంటల తరబడి నడపాలంటే విడి ఫ్యాన్ పెట్టించాలి. వీఎఫ్‌డీ ప్యానెల్ ఫిల్టర్లు సున్నపు పొడితో మూసుకుపోతే అదీ ట్రిప్పవుతుంది. ఇక 55 హెర్ట్జ్ సంగతి: 50 దాటిన తరువాత వోల్టేజి 415 దగ్గరే ఆగిపోతుంది, మోటారు టార్క్ తగ్గుతుంది, దుమ్మును తగ్గించడానికి రాయి పడే చోట పక్కలను మూసే స్కర్ట్ రబ్బరు, నీటి జల్లు చూసుకోవాలి గానీ వేగంతో కుస్తీ పట్టకూడదు.

బెల్టు మీద రాయిని తూచే వెయ్యర్ ఉంటే, అది వేగాన్ని సెన్సార్ ద్వారా చదువుతున్నదో, ఎప్పుడో వేసిన స్థిరమైన అంకెను వాడుతున్నదో చూడండి. స్థిరమైన అంకె అయితే 35 హెర్ట్జ్ దగ్గర మీ 300 టన్నులు 429గా కనిపిస్తాయి. స్టాక్‌పైల్‌లో లేని రాయి నెలాఖరు రిపోర్టులో కనిపించి సర్వేయర్‌తో గొడవ పడిన షిఫ్ట్ ఇన్‌చార్జిలను నేను ఎరుగుదును.

బెల్టు నెమ్మదిస్తే లేదా ఆగిపోతే మోటారును ఆపేసే జీరో స్పీడ్ స్విచ్ గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. అది పూర్తి వేగంలో 80 శాతానికి సెట్ చేసి ఉంటే 35 హెర్ట్జ్ దగ్గర పదేపదే ట్రిప్పవుతుంది, అప్పుడు ఎవరో ఒకరు దానికి జంపర్ వేసేస్తారు, అంటే స్విచ్ పనిచేయకుండా తీగతో దాటవేస్తారు. జంపర్ వేసిన నాడు డ్రమ్ము తిరుగుతూ బెల్టు ఆగిపోతే, రాపిడికి రబ్బరు కాలి మంటలు లేచేదాకా కంట్రోల్ రూమ్‌కు తెలియదు. సెట్టింగును కొత్త వేగానికి తగినట్లు మార్చండి, లేదా వీఎఫ్‌డీ వేగాన్ని బట్టి మారేలా కట్టించండి. జంపర్‌ను మాత్రం ఒప్పుకోకండి. లాగితే బెల్టు ఆగే పుల్ కార్డ్, బెల్టు పక్కకు జరిగితే ఆపే స్వే స్విచ్‌లకు కూడా జంపర్ వేయనివ్వకండి.

మీ బెల్టుకు నేనైతే ఇలా చేస్తాను. ముందు కప్లింగ్ మార్పిస్తాను. తరువాత 50 నుంచి 48కి దించి ఒక పూర్తి షిఫ్టు నడిపి, చ్యూట్ తనిఖీ తలుపు దగ్గర రాయి ఎక్కడ తగులుతున్నదో రంగు వేసిన పలక మీద గీతలను బట్టి చూస్తాను, పలకను చూసేది బెల్టు ఆపి లాక్ వేసిన తరువాతే. అది సరిగా ఉంటే 46కి దించి మరో షిఫ్టు చూస్తాను, అక్కడితో ఆగిపోతాను. అంతకన్నా కిందికి దిగాలని యాజమాన్యం పట్టుబడితే, ముందుకూ వెనక్కూ జరపగలిగే, రాయి దారిని మళ్లించే డిఫ్లెక్టర్ పలకను చ్యూట్‌లో పెట్టించి, వెనక గోడ వాలును నిటారుగా మార్చిన తరువాతే దిగుతాను. కింద ఉన్న బెల్టు, ఫీడర్ వేగాలను కలిపి చూడకుండా ఒక్కదాన్నే మార్చను.

మీ కప్లింగ్ ఏ రకమో, స్క్రేపర్ డ్రమ్ముకు ఎంత కింద బిగించి ఉన్నదో, చ్యూట్ వెనక గోడ ఎంత వాలులో ఉన్నదో కొలిచి ఇక్కడ రాయండి. ఆ మూడూ తెలిస్తే 46 సరిపోతుందో, 48 దగ్గరే ఆగాలో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.