సమాధానం: పాంథియాన్ ముందు వరసలో ఒక్క స్తంభమే ఎందుకు ఎర్రగా ఉంది

ముందు వరస ఎనిమిది స్తంభాలూ బూడిదరంగు గ్రానైటే అని పుస్తకంలో ఉంది, ఫోటోలో ఎడమ మూలది మాత్రం గులాబీ రంగులో ఉంది, ఏది కరెక్ట్ అని అడిగారు కదా. రెండూ కరెక్టే అండి. రోమ్‌లోని పురాతన ఆలయం పాంథియాన్‌ని చక్రవర్తి హేడ్రియన్ టైంలో కట్టినప్పుడు ముందు ఎనిమిదీ బూడిదరంగువే, వెనక ఎనిమిదీ ఈజిప్ట్‌లోని అస్వాన్ గులాబీ గ్రానైట్. మధ్యయుగాల్లో తూర్పు మూల, అంటే ఫోటోలో ఎడమది, దెబ్బతింది, 17వ శతాబ్దంలో పోప్ ఎనిమిదో అర్బన్ ఆ మూలలో వేరే పాత కట్టడం నుంచి తెచ్చిన గులాబీ స్తంభం నిలబెట్టించాడు, ఫోటో జూమ్ చేసి దాని తలకట్టు (స్తంభం పైన చెక్కిన భాగం) చూడండి, ఆయన బార్బెరీనీ వంశం గుర్తు తేనెటీగ కనిపిస్తుంది, ఆ తలకట్టు అసలు రోమన్ పని కాదని చెప్పడానికి అదొక్కటి చాలు.

ఇక బూడిదరంగు రాయి ఎక్కడిదంటే ఈజిప్ట్ తూర్పు ఎడారిలోని మోన్స్ క్లాడియానస్ క్వారీది. బండ మీద వరసగా గాడులు తొలిచి, ఇనప మేకులు దిగ్గొట్టి చీల్చేవాళ్లు, ఆ గాడులు ఇప్పటికీ అక్కడ కనిపిస్తాయి. ఒక్కో స్తంభం దాదాపు 12 మీటర్లు, సుమారు 60 టన్నులు, అదీ ఒకటే రాయి! దాన్ని ఎడారిలో 100 కిలోమీటర్లకు పైగా లాగి నైలు చేర్చి, పడవలో అలెగ్జాండ్రియాకి, అక్కడి నుంచి సముద్రం మీద ఇటలీకి. ఇంతకంటే పెద్దది, 200 టన్నుల పైచిలుకు స్తంభం ఒకటి, పగులు వచ్చిందని క్వారీలోనే వదిలేశారు, పాపం దాన్ని చెక్కినోళ్లు.

మీ రిపోర్ట్‌లో "మొదట్లో ఎనిమిదీ బూడిదరంగు, మూలది తర్వాత మార్చారు" అని రాసేయండి, సరిపోతుంది.