బీఈడీ చేయాలా, ఆన్‌లైన్ ట్యూటర్‌గా చేరాలా?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. బీఎస్సీ మ్యాథ్స్ ఫైనలియర్ చదువుతున్నాను. అమ్మ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్. 2020లో కరోనాతో బడులు మూతపడి, ఉన్నట్టుండి ఫోన్లో పాఠాలు చెప్పాల్సి వచ్చి నలిగిపోయింది. జీతమూ సగమే ఇచ్చారు. నాకు పాఠాలు చెప్పడం ఇష్టం. బీఈడీ చేయనా, నేరుగా ఆన్‌లైన్ ట్యూటర్‌గా చేరనా?

జవాబు: బీఈడీ చేయండి. ఆన్‌లైన్‌లో చెప్పడం దాంతోపాటే నేర్చుకోవచ్చు.

ఆ ఏడాది టీచర్లను ఎక్కువగా కుంగదీసింది యాప్‌లు కాదు. వాటిని నెల తిరిగేసరికి చాలామంది పట్టేశారు. పిల్లలు కెమెరా ఆపేసి కూర్చుంటే అర్థమైందో లేదో తెలియకపోవడమే అసలు బాధ. తరగతిలో ఒక్క పిల్లాడు నొసలు ముడిచినా లెక్క మళ్లీ మొదటినుంచి చెబుతాం. ఆ ఆధారం పోయింది. అనుభవమున్న లెక్కల టీచర్లు దీనికి దారి వెతుక్కున్నారు: జవాబు ఒక్కటే కాదు, ప్రతి స్టెప్పూ నోటుబుక్కులో రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమన్నారు. మైనస్ గుర్తు సమీకరణంలో అటువైపు వెళ్లాక మారలేదంటే పొరపాటు ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. పిల్లలు ఎక్కడ తడబడతారో ముందే పసిగట్టే ఈ నేర్పు తరగతి గదిలో నిలబడితేనే వస్తుంది. రెండేళ్ల బీఈడీలో టీచింగ్ ప్రాక్టీస్ ఉన్నది అందుకే. దాన్ని రికార్డులు నింపే పనిగా చూడకండి.

జీతం సంగతి దాచిపెట్టను. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎంత దిగజారిందో చూడండి. చదువు చెప్పేవాళ్లకు అలాంటి రోజులు రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అలాగని ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పించే ఎడ్‌టెక్ కంపెనీల్లో భద్రత ఉందనుకోకండి. బడులు తెరిచాక, 2022 నుంచి, అవీ వేలమందిని తీసేశాయి. చేతిలో బీఈడీ, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) ఉంటే ప్రభుత్వ టీచర్ పోస్టులకు దారి తెరిచి ఉంటుంది.

డిగ్రీలో 50 శాతం మార్కులుంటే బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాయొచ్చు. ఎస్సీ, ఎస్టీ, బీసీ తదితర రిజర్వుడు వర్గాలకు 40 శాతం చాలు. చదువుతూనే సాయంత్రాలు ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఆన్‌లైన్‌లో ట్యూషన్ చెప్పండి. ఏ లెక్క దగ్గర పిల్లలు ఎక్కువగా ఆగిపోతారో అమ్మగారిని అడిగి రాసుకోండి. రేపు ఏ స్కూల్లో చేరినా, బడి మూతపడితే జీతం ఎంత ఇస్తారో అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో రాసిమ్మని మొహమాటపడకుండా అడగండి.